చేతికి అంటుకోని గిటార్ నెక్: నూనె పూతతో నా అనుభవం

సొంతంగా మేపుల్ చెక్కతో చేసుకున్న గిటార్ నెక్‌కు (చేత్తో పట్టుకునే పొడవాటి మెడ భాగానికి) వార్నిష్ వేశాక, చెయ్యి కొద్దిగా చెమర్చినా బొటనవేలు జారకుండా పట్టేసేది. మెరుపు తగ్గేలా రుద్దడం, మైనం పట్టించడం, మరో పొర వేయడం ఏవీ నిలకడైన ఫలితం ఇవ్వలేదు.

చివరికి ఫ్రెట్‌బోర్డును (వేళ్లతో తీగలు నొక్కే ముందు వైపు పలకను) టేపుతో కప్పి, వెనుక వైపు వార్నిష్‌ను 180 నంబరు గరుకు కాగితంతో పూర్తిగా తొలగించి, 240, 320 నంబర్లతో చెక్క పోగుల వెంబడే నునుపు చేశాను. తడి గుడ్డతో తుడిచినప్పుడు పైకి లేచిన నూగును, ఆరిన తర్వాత 400 నంబరుతో తేలికగా తీశాను. ఆపై టంగ్ నూనెను (టంగ్ చెట్టు గింజల నుంచి తీసే, ఆరి గట్టిపడే నూనెను) పలుచన చేయడానికి సమపాళ్లలో టర్పెంటైన్ కలిపి, దాన్ని గుడ్డతో పలుచగా రాసి, ఇరవై నిమిషాలు ఆగి, ఉపరితలం మీద మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేశాను. నా ఉద్దేశంలో అసలు కీలకం ఈ తుడవడమే. పైన నిలిచిన నూనె జిగురుగా మారుతుంది. ప్రతి పొరా పూర్తిగా ఆరాకే తర్వాతి పలుచని పొర వేశాను. చివరి పొర గట్టిపడ్డాక అతి సన్నని ఉక్కు పీచుతో రుద్దాను. దాని రజను పికప్‌ల (ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కంపనాన్ని గ్రహించే భాగాల) అయస్కాంతాలకు పట్టుకుంటుంది కనుక వాటిని ముందే కప్పాలి. నూనె గుడ్డలను ముద్దగా వదిలితే వాటికి దానంతటదే నిప్పు అంటుకోవచ్చు, అందుకే విడిగా పరచి ఆరబెట్టాలి.

ఇది అన్ని చెక్కలకూ వర్తిస్తుందని చెప్పలేను. రోజ్‌వుడ్‌లోని సహజ తైలాలు పూతను ఆరనివ్వకపోవచ్చు, మహోగనికి ముందుగా రంధ్రాలు పూడ్చవలసి రావచ్చు. పైగా నూనె పూత తేమను గట్టి వార్నిష్ అంతగా అడ్డుకోదు.