రైస్ కుక్కర్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మందు

కరెంటు కుక్కర్‌కి అన్నం ఉడికిందో లేదో తెలీదు. గిన్నె అడుగు ఎంత వేడెక్కిందో మాత్రమే తెలుసు. ఎసరు ఉన్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లు ఇగిరిపోగానే పైకి ఎగబాకుతుంది. గిన్నె బయటికి తీసి చూస్తే హీటింగ్ ప్లేటు నడిమధ్యన స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బిళ్ల ఒకటి కనిపిస్తుంది. కుక్కర్‌కి ఉన్న ఒకే ఒక్క ముక్కు అదే. వేడి వంద దాటి ఇంకొన్ని డిగ్రీలు ఎక్కేసరికి ఆ బిళ్ల లోపలి అయస్కాంతపు పట్టు సడలిపోతుంది, మీట టక్‌మని లేచి కుక్కర్ వార్మ్‌లోకి పోతుంది. అన్నం ఉడికినట్టు మనం లెక్క వేసుకుంటాం.

ఇది గుర్తుంటే కుక్కర్‌ని రిపేరు షాపుకి మోసే అవసరం సగానికి సగం తప్పుతుంది. నేను చెప్పేవన్నీ మీట నొక్కే మామూలు కుక్కర్ గురించే. బటన్లూ అంకెలూ ఉండే డిజిటల్ రకాలకి కొన్ని వర్తించవు.

“పది నిమిషాలకే టక్‌మంది, బియ్యం బియ్యంలాగే ఉన్నాయి”

అందరికీ ఎదురయ్యేది, అందరూ తప్పుగా అర్థం చేసుకునేది ఇదే. స్విచ్ పోయిందనుకుంటారు. చాలాసార్లు పోయేదేమీ ఉండదు, గిన్నెకీ ప్లేటుకీ మధ్య ఒక మెతుకు ఇరుక్కుని ఉంటుంది. మెతుకు అడ్డం వస్తే గిన్నె ప్లేటు మీద సరిగ్గా కూర్చోదు, వేడి గిన్నెలోకి ఎక్కదు. ప్లేటు మాత్రం కాలిపోతుంటుంది, నడుమ ఉన్న బిళ్ల ఆ వేడి చూసి నీళ్లు ఇగిరిపోయాయని మోసపోతుంది.

ప్లగ్ పీకి, ప్లేటు పూర్తిగా చల్లారాక చూడండి. మాడి అంటుకున్న మెతుకుల్ని గోరుతో, పోకపోతే సన్నరకం గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, పిండిన గుడ్డతో తుడవండి. నీళ్లు పోసి కడగొద్దు. బిళ్లని వేలితో నొక్కితే కిందికి దిగి, వదలగానే పైకి రావాలి. పొంగిన గంజి దాని చుట్టూ ఎండి గట్టిపడితే అది ఆడదు. అక్కడ అగ్గిపుల్లకి తడిగుడ్డ చుట్టి శుభ్రం చేస్తే చాలు.

అయినా దారికి రాకపోతే గిన్నెని అనుమానించండి. లోపల పెట్టి రెండు చేతులతో అటూ ఇటూ తిప్పండి. కటకటమంటూ ఊగిందంటే అడుగు సొట్టపోయినట్టే. సింకులో జారిపడటం ఒక కారణం. వడ్డించాక గరిటెని అంచుకేసి టంగుటంగుమని కొట్టే అలవాటు ఇంకోటి. మా ఇంట్లో రెండూ జరిగాయి. సొట్టని సుత్తితో సరిచేద్దామని చూశాను, ఇంకో రెండు సొట్టలు పడ్డాయి. అదే మోడల్ గిన్నె విడిగా దొరుకుతుంది, అది కొనుక్కోవడమే మేలు. కొలత దగ్గరగా ఉందని వేరే స్టీలు గిన్నె పెడితే మళ్లీ ఇదే కథ.

ఆ పూట అన్నాన్ని ఎలా కాపాడాలంటే, అర గ్లాసు వేడినీళ్లు చిలకరించి, మెతుకు విరగకుండా పైపైన కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత మీట నొక్కండి. వెంటనే నొక్కితే నిలవదు, బిళ్ల ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి పట్టు రాదు. నిలవట్లేదని మీట కింద స్పూను దూర్చేవాళ్లని చూశాను. అలా చేస్తే కుక్కర్‌కి ఆగడమన్నదే ఉండదు. దయచేసి వద్దు.

“మీట లేవదు, అడుగంతా మాడు”

పైన చెప్పినదానికి తిరగేసిన రూపం. గంజి పట్టేసి బిళ్ల కిందికి దిగి ఉండిపోతే గిన్నె వేడి దానికి అందడం ఆలస్యమవుతుంది. మీట కీలు దగ్గర జిడ్డు పేరుకున్నా అంతే. శుభ్రం చేసినా మారకపోతే థర్మోస్టాట్ మార్పించాలి. థర్మోస్టాట్ అంటే ఆ బిళ్ల, దాని అయస్కాంతం ఉన్న భాగమే. అది పెద్ద ఖర్చేమీ కాదు.

కానీ అడుగున లేత గోధుమరంగు పొర రావడం జబ్బు కాదు. నీళ్లు ఇగిరి వేడి పెరిగితేనే మీట లేస్తుంది కాబట్టి అడుగు వరస కాస్త వేగడం దాని స్వభావంలోనే ఉంది. మరీ మందంగా కడుతుంటే బియ్యం ఇంకో నీరు ఎక్కువ కడగండి. అడుగున చేరి అంటుకునేది బియ్యానికి పట్టి ఉన్న పిండే. మీట లేచాక పావుగంట మూత తీయకుండా మగ్గనిస్తే పొర కూడా తనంత తానే ఊడొస్తుంది.

“పైన పలుకు, కింద ముద్ద”

ఇక్కడ తప్పు కుక్కర్‌ది కాదు, కొలతది. కుక్కర్‌తో వచ్చే కప్పు సాధారణంగా 180 మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మన మంచినీళ్ల గ్లాసు అంతకంటే పెద్దది. బియ్యం కప్పుతో, నీళ్లు గ్లాసుతో పోస్తే లెక్క అక్కడే తప్పింది. దేనితో కొలిచినా పరవాలేదు, రెండింటినీ దానితోనే కొలవండి.

ఎన్నింతల నీళ్లు అన్నది బియ్యం వయసుని బట్టి ఉంటుంది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అంటే మనం సాంబ మసూరి అనేది, పాతబడ్డాక ఒకటికి రెండు, రెండుంపావు తాగుతుంది. మెత్తగా కావాలంటే రెండున్నర. అదే బియ్యం సంక్రాంతికి కొత్తగా వచ్చినప్పుడు రెండింతలు పోశారా, ముద్దే. ఒకటిన్నర నుంచి మొదలుపెట్టి, బస్తా తగ్గేకొద్దీ నీళ్లు పెంచుకుంటూ పొండి. మా అమ్మ బస్తా మార్చిన రోజు సగం గ్లాసే వండి చూస్తుంది. అంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు. దంపుడు బియ్యం రెండు గంటలు నానాలి, నీళ్లు మూడింతల దాకా పడతాయి.

ఒక్కరికే వండుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. పెద్ద కుక్కర్‌లో ఒక కప్పు బియ్యం వేస్తే, ఆవిరిగా పోయే నీళ్లు బియ్యం తగ్గినంతగా తగ్గవు. కాబట్టి నాలుగు కప్పులకి సరిపోయిన నిష్పత్తి ఒక కప్పుకి సరిపోదు. ఇంకో పావు కప్పు కలుపుకోండి.

మధ్యలో కరెంటు పోతే మూత తీయకండి. అయస్కాంతానికి కరెంటుతో పని లేదు, మీట కింద ఉన్నచోటే ఉంటుంది. కరెంటు రాగానే వంట ఆగిన దగ్గర్నుంచి సాగుతుంది. గంట దాటితే మాత్రం బియ్యం నాని మెత్తబడుతుంది, ఆ పూట ఏ పెరుగన్నమో చేసుకోవాల్సిందే.

“పొంగి గట్టంతా గంజి”

గిన్నెలో పై గీత దాటి నింపడం, బియ్యం సరిగ్గా కడగకపోవడం, మూత మీది ఆవిరి కన్నం మూసుకుపోవడం. ఈ మూడింట్లో ఒకటి. ఒక చుక్క నూనె వేస్తే నురుగు తగ్గుతుంది. పప్పు వండితే ఇంకా ఎక్కువ పొంగుతుంది, సగానికి మించి నింపొద్దు. పొంగిన ప్రతిసారీ గంజి ప్లేటు మీదికి దిగుతుంది, పైన చెప్పిన మొదటి రెండు జబ్బులకీ పునాది అక్కడే పడుతుంది. అందుకే పొంగిన రోజే తుడిచేయాలి.

“రాత్రికి అన్నం వాసన, పసుపురంగు”

వండగానే పసుపుగా ఉంటే నీళ్లు చూడండి. క్షారం ఎక్కువున్న బోరు నీళ్లు అన్నానికి ఆ రంగు తెస్తాయి. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే తెల్లబడుతుంది.

పొద్దున తెల్లగా ఉండి రాత్రికి వాసనేస్తే అది వేరే సంగతి, తేలిగ్గా తీసుకోవద్దు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా విత్తులు వంట వేడికి చావకుండా మిగులుతాయి. అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తలేవు. గోరువెచ్చగా పడి ఉంటే పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి వార్మ్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండాలంటే వార్మ్ నిజంగా వేడిగా ఉండాలి. వంటగదిలో వాడే థర్మామీటర్ ఉంటే అన్నం నడిమధ్యలో గుచ్చి చూడండి. లేకపోతే నా లెక్క ఇది: నాలుగు గంటలు మించి వార్మ్‌లో ఉంచను. స్విచ్ ఆపేస్తే వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, గంటలోపే ఫ్రిజ్‌లో పెడతాను. గరిటె లోపలే వదిలేయడం, కూర కలిపిన అన్నం వార్మ్‌లో ఉంచడం కూడా మానండి.

“లైటే వెలగట్లేదు”

ముందు అదే సాకెట్‌లో ఫోను ఛార్జరు పెట్టి చూడండి. నవ్వకండి, నేను ఒకసారి కుక్కర్ మోసుకుని షాపు దాకా వెళ్లి, పోయింది మా గోడ స్విచ్ అని తెలుసుకుని తిరిగొచ్చాను.

తర్వాత వైరు. కుక్కర్‌కి తగిలించే కొస లోపల నల్లబడినా, కరిగినట్టున్నా, దూరిస్తే వదులుగా ఆడినా వైరు మార్చండి. పట్టుకుని ఒక కోణంలో వంచితే లైటు వెలుగుతోందంటే నిప్పురవ్వ కూడా అక్కడే పుడుతుంది.

వైరు బాగుంటే లోపలి థర్మల్ ఫ్యూజు. కుక్కర్ హద్దు మీరి వేడెక్కినప్పుడు తెగిపోయే చిన్న ముక్క అది, ఒకసారి తెగితే మళ్లీ అతకదు. కొత్తది చవక. కానీ కొందరు దాన్ని తీసేసి మామూలు వైరు ముక్కతో కలిపేస్తారు. మాకు ఒక షాపులో అలాగే చేసిచ్చారు, నెల తర్వాత ప్లేటు కింది ప్లాస్టిక్ కరిగిన వాసనతో సంగతి బయటపడింది. రిపేరుకి ఇస్తే “ఫ్యూజు కొత్తది వేశారా, అదే రేటింగా?” అని అడిగి, పాతది చేతికి తీసుకోండి. ఫ్యూజు ఊరికే తెగదు, ఎందుకు వేడెక్కిందో కూడా చూడమనండి.

“లైటు వెలుగుతోంది, కానీ గంటైనా ఉడకదు”

చేయి పెట్టకుండానే తెలుస్తుంది: ఎసరు అసలు మరగకపోతే హీటింగ్ కాయిల్ తెగింది. మల్టీమీటరు వాడటం వచ్చినవాళ్లు ప్లగ్ పీకి, గిన్నె పెట్టి, మీట నొక్కి, పక్కపక్కనున్న రెండు పిన్నుల మధ్య కొలవండి. 700 వాట్ల కుక్కర్‌కి సుమారు 75 ఓములు చూపాలి. అసలేమీ చూపకపోతే లోపల ఎక్కడో దారి తెగింది. కాయిల్ ప్లేటులోనే పోతపోసి ఉంటుంది, ప్లేటు మొత్తం మార్చాలి. పాత కుక్కరైతే కొత్తది కొనడమే లాభం.

మరుగుతోంది కానీ నత్తనడక అంటే వోల్టేజి. 230 ఉండాల్సింది 180కి పడిపోతే 700 వాట్ల కుక్కర్ 430 వాట్లే ఇస్తుంది. వేసవి సాయంత్రాలు మోటార్లు తిరిగే ఊళ్లలో ఇది మామూలే. వంట గంట ముందుకి జరుపుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

అమెరికా చదువులకి వెళ్లే పిల్లల సూట్‌కేసులో ఇక్కడి కుక్కర్ పెట్టే అమ్మానాన్నలకి కూడా ఇదే లెక్క. అక్కడి 120 వోల్టులకి మన 700 వాట్ల కుక్కర్ 190 వాట్ల దగ్గర ఆగుతుంది. ఎసరు మరిగేలోపు అబ్బాయి నూడుల్స్ తినేసి పడుకుంటాడు. అక్కడిది ఇక్కడికి తెచ్చి నేరుగా పెడితే ఇంకా ఘోరం, దాదాపు నాలుగింతల వేడి పుట్టి నిమిషాల్లో కాలిపోతుంది.

“ముట్టుకుంటే జిల్లుమంటోంది”

ఆపేయండి. ఇంట్లో చూసుకునే జబ్బు కాదిది. రబ్బరు చెప్పులేసుకుని వాడటం పరిష్కారం కాదు. కుక్కర్ లోపల తడి చేరి ఉండొచ్చు, కాయిల్ దెబ్బతిని ఉండొచ్చు. దానికితోడు గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోయి ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చి వాడుతుంటే కారణం వెతకాల్సిన పనే లేదు. కుక్కర్‌ని మెకానిక్‌కి, సాకెట్‌ని ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఒక్కదాన్నే బాగుచేయించి ఊరుకోవద్దు. అవి రెండూ అయ్యేదాకా అన్నం పొయ్యి మీదే వార్చుకోండి.