టొరంటో వెళ్తున్న మన వైజాగ్ క్వియర్ పిల్లలకు

ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో ఫీజులు, లోన్లు, చలికోట్ల దాకా అన్నీ చెప్తారు. మీలో గే, లెస్బియన్, ట్రాన్స్ అయినవాళ్లకు అక్కడ ఎవరున్నారో మాత్రం చెప్పరు. ఇక్కడ ఆర్కే బీచ్‌లో నలుగురం కలిసినా చుట్టూ చూసుకునే మాట్లాడుకుంటాం. అక్కడ మనకోసం ఏకంగా ఒక భవనమే ఉంది.

చర్చ్ స్ట్రీట్‌లో డోర్ నంబర్ 519. ఆ నంబరే సెంటర్ పేరు. 1975లో మొదలైంది, టొరంటో నగరపాలనలో భాగం. సబ్‌వేలో వెల్స్‌లీ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. కౌన్సెలింగ్ ఉంటుంది, ట్రాన్స్ వాళ్లకు గ్రూపులుంటాయి, శరణార్థులకు సాయం చేస్తారు. వెళ్లిన మొదటి నెలలోనే ఒకసారి చూసి రండి. అవసరం వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోకండి, మనసు బాగోనప్పుడు కొత్త చోటికి అడుగు పడదు.

అక్కడ మీరెవరో రుజువు చేసుకోనక్కర్లేదు. పాస్‌పోర్టులో పేరు ఏదైనా, మీకు నచ్చిన పేరే చెప్పండి.

అసలు టెన్షన్ రూమ్‌మేట్స్‌తోనే. బేస్‌మెంటులో మనవాళ్లతో కలిసుంటారు, టొరంటోలోని స్కార్‌బరోలో అన్న మాట రాత్రికల్లా గాజువాక చేరిపోతుంది. అందుకే మొదట సెంటర్‌లో మాట్లాడండి, రూమ్‌లో తర్వాత. ఇంట్లో చెప్పడం మీ ఇష్టం. కానీ ఫీజు నాన్నే కడుతున్నంతకాలం తొందరపడొద్దనే నేనంటాను.

సెంటర్ పక్కన పార్కులో 1993 నాటి ఎయిడ్స్ స్మారకం ఉంది. చనిపోయినవాళ్ల పేర్లు ఏ ఏడాదివి ఆ ఏడాది వరుసలో చెక్కారు. చర్చ్ స్ట్రీట్ అంటే పార్టీలే అనుకునేవాళ్లు ఆ పేర్లు కొన్నైనా చదవాలి.

కాగితాల విషయంలో జాగ్రత్త. మన దగ్గర స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో అన్నారు కానీ, 2023లో సుప్రీంకోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేదు. కెనడాలో 2005 నుంచి దేశమంతటా పెళ్లి చేసుకోవచ్చు. పెళ్లి కాకపోయినా, ఏడాది పాటు జంటగా ఒకే ఇంట్లో ఉంటే ఇమిగ్రేషన్ వాళ్లు భాగస్వామిగానే లెక్కిస్తారు. అలా ఉంటూ దరఖాస్తులో సింగిల్ అని రాస్తే అబద్ధం చెప్పినట్టే, తర్వాత ఆ మనిషిని స్పాన్సర్ చేయడం కష్టమవుతుంది. శరణు అడగాలనుకుంటే ఏజెంటు మాట వినొద్దు, లాయర్‌ను కలవండి.

రాత్రిపూట బతకాలని లేదనిపిస్తే కెనడా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. మాట పెగలకపోతే మెసేజ్ పెట్టండి. 24 గంటలూ పలుకుతారు.