పాత చిత్రిక పిడిపై చెరిగిపోయిన డెకాల్‌ను తిరిగి అతికించే పద్ధతి

పాత ఇనుప చిత్రికను బాగుచేసేటప్పుడు తుప్పు వదిలించడం, బ్లేడు నూరడం చాలామందికి తెలిసిన పనులే. పిడిపై అరిగిన డెకాల్ (కంపెనీ గుర్తు ముద్రించి అతికించిన పలుచని పొర) దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. చిత్తూరులో మా తాతగారు వాడిన స్టాన్లీ కంపెనీ నాలుగో నంబరు చిత్రిక పిడిని నేను థిన్నర్ గుడ్డతో ఒక్కసారి తుడిచాను. మిగిలిన నాలుగక్షరాలూ పసుపు మరకై గుడ్డకు అంటుకున్నాయి. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే ముందుగా డెకాల్ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, పిడి అంచు నుంచి అక్షరాలకు ఉన్న దూరం రాసుకోవాలి. సగానికి పైగా నిలిచి ఉన్న డెకాల్‌ను తీయకుండా, పలుచగా మైనం పట్టించి కాపాడుకోవడమే మేలు.

కొత్త గుర్తు పనిముట్టు కాలానికి తగినదై ఉండాలి. బ్లేడుపై ఎస్.డబ్ల్యూ. అక్షరాలతో పాటు హృదయాకారం ఉంటే ఆ బ్లేడు 1920లో స్టాన్లీ వర్క్స్, స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీలు కలిసిన తర్వాతిది. ఆ ఆకారం స్టాన్లీ వర్క్స్‌కు అంతకుముందు చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న విలియం హార్ట్ పేరును సూచిస్తుంది. అయితే బ్లేడు మధ్యలో మార్చి ఉండవచ్చు కనుక, ఆ ఒక్క ఆధారంతో నిర్ణయించకూడదు.

సాధారణ ప్రింటర్లు తెలుపు రంగును ముద్రించలేవు. కాబట్టి పారదర్శక డెకాల్ కాగితంపై (నీటిలో నానబెడితే ముద్రించిన పొర జారి వచ్చే కాగితం) వేసిన పసుపు అక్షరాలు, కింద తెలుపు లేక, ముదురు రోజ్‌వుడ్ పిడిపై కనిపించకుండా పోతాయి. తెల్లటి డెకాల్ కాగితంపై ముద్రించి, గుర్తు అంచు వెంబడే కత్తిరించాలి. ఇంక్‌జెట్‌తో ముద్రిస్తే, నీటిలో వేసేముందు పారదర్శక అక్రిలిక్ స్ప్రే కొట్టి ఆరనివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కింది ఉపరితలం. గరుకు చెక్కపై అతికిస్తే చెక్క రంధ్రాల్లో గాలి చిక్కుకుని డెకాల్ వెండిలా మెరుస్తుంది. అందువల్ల ముందుగా లాకర్ (త్వరగా ఆరే వార్నిష్ లాంటి పూత) పూతలు వేసి, సన్నని ఉప్పుకాగితంతో సాపుచేసి, అద్దంలా నునుపు తేల్చాలి. తర్వాత డెకాల్‌ను గోరువెచ్చని నీటిలో అర నిమిషం నానబెట్టి, పొర కాగితం మీద కదలడం మొదలవగానే తడిపిన పిడిపైకి జార్చి, మధ్య నుంచి అంచులకు మెత్తటి గుడ్డతో నీటిని నెట్టాలి.

రాత్రంతా ఆరాక దానిపై లాకర్ పైపూత వేయాలి. మొదటి పూత దట్టంగా పడితే లాకర్‌లోని థిన్నర్ డెకాల్ పొరను ముడతలు పడేలా చేస్తుంది. మంచు రాలినట్టు పలుచగా రెండు మూడు సార్లు వేయాలి. తిరుపతిలో నవంబరు వానల్లో ఈ పని పెట్టుకోవద్దు, గాలిలోని తేమకు లాకర్ తెల్లబారుతుంది. ఎండాకాలమైతే ఉదయం చల్లటి వేళలోనే స్ప్రే చేయాలి.