మేరీవిల్ వెళ్తున్నారా? ముందు గాలి సంగతి చూసుకోండి

అమెరికాలోని నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో సీటొచ్చి స్ప్రింగ్ సెమిస్టర్‌కి మేరీవిల్ బయల్దేరే మన పిల్లలు ముందుగా అడిగేది, అక్కడ చలి ఎన్ని డిగ్రీలుంటుంది అని. డిగ్రీల కన్నా ముందు గాలి ఎంతుందో చూడటం నేర్చుకోండి.

ఊరు కాన్సాస్ సిటీకి ఉత్తరాన సుమారు 90 మైళ్లు. జనాభా పదివేల పైచిలుకు. చుట్టూ ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలే, కెనడా వైపు నుంచి చలిగాలి దిగితే దానికి అడ్డంగా ఒక్క కొండ కూడా లేదు. 1845లో కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రంగా ఈ ఊరు కట్టినప్పుడు అప్పటి కౌంటీ క్లర్క్ భార్య మేరీ గ్రాహమ్ పేరు పెట్టారు. యూనివర్సిటీ 1905లో టీచర్ల ట్రైనింగ్ స్కూలుగా మొదలైంది. క్యాంపస్ నిండా చెట్లే, మిస్సోరీ రాష్ట్ర ఆర్బొరేటమ్‌గా, అంటే రకరకాల చెట్లు పెంచే తోటగా, 1993లో గుర్తించారు కూడా. అక్టోబర్‌లో ఆ చెట్ల రంగులు చూడటానికైనా ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకోండి, మళ్లీ డిసెంబర్ వచ్చేసరికి అయిదింటికే చీకటి పడిపోతుంది.

ఫోన్‌లో అక్కడి ప్రభుత్వ వాతావరణ సైట్ వెదర్ డాట్ గవ్ తెరిచి 64468 పిన్ కొట్టండి. ఫారెన్‌హీట్‌తో కంగారు పడొద్దు, 30 తీసేసి సగం చేస్తే మన సెల్సియస్‌కి దగ్గర్లో ఉంటుంది, 32 అంటే నీళ్లు గడ్డకట్టే చలి. ఆ తర్వాత విండ్ చిల్, అంటే గాలి వల్ల ఒంటికి నిజంగా తగిలే చలి, చూడండి, అసలు లెక్క అదే. 0 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటకు 15 మైళ్ల గాలి ఉంటే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది, బయట ఉన్న చర్మం అరగంటలో దెబ్బతింటుంది. నేను మొదటి జనవరిలో తలస్నానం చేసి జుట్టు ఆరకుండానే క్లాసుకి బయల్దేరాను, సగం దారిలోనే జుట్టు కొసలు పుల్లల్లా బిగుసుకుపోయాయి, చెవులైతే మంటో నొప్పో తెలియలేదు. అందుకే చెవులు మూసే టోపీ, గ్లవ్స్ తప్పనిసరి. ఒక్క లావు స్వెట్టర్ కన్నా లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని, పైన గాలి చొరబడని జాకెట్ మేలు. కాటన్ సాక్స్ తడిస్తే ఆరవు, ఉన్నివి కొనుక్కోండి. రోడ్డు తడిగా కనిపిస్తే అది బ్లాక్ ఐస్ (కంటికి కనిపించని పల్చటి మంచు పొర) కావచ్చు, అడుగులు చిన్నగా వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేరే టెన్షన్. దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు నుంచి వచ్చే తేమగాలి ఈ చలిగాలితో కలిసిందంటే పెద్ద ఉరుములు, వడగళ్లు, ఒక్కోసారి టోర్నడో. దగ్గర్లోనే ఉన్న కన్సెప్షన్ అబీ అనే క్రైస్తవ మఠం చర్చి 1893లో టోర్నడోకి బాగా దెబ్బతింది. టోర్నడో వాచ్ అంటే వచ్చే పరిస్థితి ఉందని, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రూమ్మేట్లకి చెప్పండి. వార్నింగ్ అంటే కనిపించింది లేదా రాడార్‌కి చిక్కిందని, సైరన్ వినగానే బేస్‌మెంట్‌కి దిగాలి, అది లేకపోతే కింది అంతస్తులో కిటికీలు లేని బాత్‌రూమే దిక్కు. బాల్కనీలోకెళ్లి వీడియో తీయడం మాత్రం వద్దు, దయచేసి.

జనవరిలో దిగేవాళ్లు కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్ట్ నుంచి రైడ్ ముందే మాట్లాడుకోండి. జాకెట్ చెకిన్ సూట్‌కేస్‌లో పెట్టేయకుండా చేతిలోనే ఉంచుకోండి, డోర్ దాటిన మొదటి నిమిషం నుంచే అది కావాలి.