జన్యువు మీది గుర్తులు చదువుదాం – 3వ పాఠం: పెన్సిలుతో మిథైల్ లెక్క

జన్యువులో ఒక్క అక్షరమూ మారకుండానే దాని నోరు మూతపడవచ్చని కిందటి పాఠంలో చూశాం. డీఎన్‌ఏలోని ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల్లో సి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు చేరుతుంది. జన్యువు మొదట్లో అలాంటివి గుంపుగా పడితే అది పని మానేస్తుంది. ఈ ఎపిజెనెటిక్ గుర్తును ఇవాళ మనమే చదువుదాం.

మా అమ్మమ్మది కళింగపట్నం దగ్గరి పల్లె. అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పుకొన నోట్లో పెట్టుకుని. చిన్నప్పుడు టార్చిలైటు వేసి చూశాను: అంగిలంతా తెల్లటి పొర, దాని మీద ఎర్రటి చుక్కలు. ఎంత బతిమాలినా మాన్పించలేకపోయాం. కణవిభజనకు కళ్లెం వేసే పీ16 జన్యువు ఈ గుర్తులతో మూతపడటం నోటి క్యాన్సర్లలో తరచూ కనిపిస్తుంది. ఈ విద్య మీద నాకు మనసు పడింది అందుకే.

గుర్తును పట్టే ఉపాయం 1992లో వచ్చింది. డీఎన్‌ఏకు బైసల్ఫైట్ అనే రసాయనం పట్టిస్తే గుర్తు లేని సి మారిపోయి, చదివేటప్పుడు టి అని వస్తుంది. గుర్తున్న సి చెక్కుచెదరదు.

కాగితం మీద అక్షరం కింద అక్షరం వచ్చేలా రాయండి.

అసలు వరుస: ఎ సి జి టి సి ఎ సి జి
బైసల్ఫైట్ తర్వాత: ఎ సి జి టి టి ఎ టి జి

పై వరుసలోని మూడు సి లకూ సున్నా చుట్టండి. మొదటి సి దగ్గరకు పరుగెత్తకండి. ముందు ఐదో అక్షరం చూడాలి. దాని తర్వాత ఎ ఉంది. నోటి కణాల్లో, రక్తకణాల్లో ఈ గుర్తు దాదాపుగా జి ముందున్న సి మీదే పడుతుంది. కాబట్టి ఐదోది టి అయి తీరాలి. అయింది, అంటే బైసల్ఫైట్ పనిచేసింది. సి గానే మిగిలితే ఆ వరుస మొత్తాన్నీ పక్కన పెట్టేయండి. ఇక రెండోది సి గానే నిలిచింది: గుర్తుంది. ఏడోది టి అయింది: గుర్తు లేదు.

ఒక వరుస అంటే ఒక కణంలోని ఒక డీఎన్‌ఏ పోగు మాత్రమే. జబ్బు గురించి మాట్లాడాలంటే చాలా పోగులు చదివి శాతం కట్టాలి. పొగ తాగేవారి రక్తంలో ఎహెచ్‌ఆర్‌ఆర్ జన్యువు దగ్గర తగ్గేది ఈ శాతమే. మానేస్తే ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ పెరుగుతుంది.

అభ్యాసం: అదే అసలు వరుసకు మూడు పోగులు చదివితే ఇలా వచ్చాయి.

ఎ సి జి టి టి ఎ సి జి
ఎ టి జి టి టి ఎ సి జి
ఎ సి జి టి సి ఎ సి జి

రెండో అక్షరం దగ్గర గుర్తు ఎంత శాతం? మూడింట రెండు అని వచ్చినవారు ఐదో అక్షరం దగ్గరకు తిరిగి వెళ్లండి.