పొద్దున వేళ్లు బిగుసుకుంటుంటే డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి

కీళ్లవాతం అనుమానంతో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒక చిక్కుంది. వేళ్లు మొరాయించేది తెల్లవారుజామున, అపాయింట్‌మెంటు దొరికేది సాయంత్రం ఆరింటికి. ఆ టైముకి చేతులు మామూలుగా ఉంటాయి. పిడికిలి శుభ్రంగా పడుతుంది. "ఎప్పట్నుంచి? ఎంతసేపు?" అని అడిగితే మనం నీళ్లు నములుతాం. ఆయన మాత్రం ఏం చేస్తారు, నొప్పి మాత్ర రాసి పంపిస్తారు. అందుకే పొద్దున జరిగేదాన్ని సాయంత్రం దాకా ఎలా పట్టుకెళ్లాలో రాస్తున్నాను.

నేను చెన్నైలో, చూళైమేడులో, ఇంటి దగ్గరే పిండివంటలు, పచ్చళ్లు చేసి అమ్ముతాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే కీళ్లవాతం, అని తేలాక మందులు వాడుతున్నాను. డాక్టర్ని కాను గానీ, జంతికల గొట్టం తిప్పే చేతికి ఏ వేలు ఎప్పుడు మాట వినడం మానేసిందో తెలుస్తుంది కదా. నాకు నొప్పి కంటే ముందు తెలిసింది పట్టు తప్పడం. గొట్టం పిడి చుట్టూ వేళ్లు పూర్తిగా మూసుకునేవి కావు. ఆవకాయ సీసా మూత రెండు అరచేతుల మధ్య ఇరికించి తిప్పేదాన్ని. మధ్యాహ్నానికి అదే మూత చిటికెలో వచ్చేసేది. ఈ తేడానే పట్టుకోవాలి.

మంచం పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పాల లెక్క రాసే పాత డైరీ అయినా చాలు. లేచిన టైము రాయండి. రెండు చేతులూ పిడికిలి బిగించి, వేళ్ల కొసలు అరచేతికి ఆనుతున్నాయో లేదో చూడండి. ఆనకపోతే పని చేసుకుంటూ మధ్యమధ్యలో మళ్లీ చూడండి, పూర్తిగా ఆనిన టైము రాయండి. వేణ్ణీళ్లలో చేతులు పెట్టినా, మాత్ర వేసుకున్నా పక్కన అదీ రాయాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

వయసుతో వచ్చే అరుగుదల నొప్పుల్లో పొద్దుటి పట్టేత మామూలుగా అరగంటలోపు సర్దుకుంటుంది. రుమటాయిడ్‌లో గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సాగుతుంది. మా అత్తయ్య మోకాళ్లు లేవగానే నాలుగడుగులు వేస్తే దారికొస్తాయి. మార్కెట్టుకి వెళ్లొచ్చి మెట్లెక్కాక సాయంత్రం సతాయిస్తాయి. నా వేళ్లు దానికి పూర్తిగా తలకిందులు. కదిలిస్తే నయం, ఖాళీగా ఉంచితే మళ్లీ బిగుసుకునేవి. సినిమా మధ్యలో విశ్రాంతికి లేచేటప్పుడు కూడా ఒకసారి వేళ్లు విదిలించుకోవాల్సి వచ్చేది.

ఏ కీళ్లు అన్నది కూడా ముఖ్యమే. కాగితం మీద చేయి పెట్టి చుట్టూ పెన్నుతో గీయండి, చిన్నప్పుడు బొమ్మలు వేసుకున్నట్టే. నొప్పి ఉన్న కణుపు దగ్గర చుక్క, వాపున్నచోట సున్నా పెట్టండి. వేలు అరచేతిలో కలిసే కణుపులు, మధ్య కణుపులు, మణికట్టు, రెండు చేతుల్లోనూ దాదాపు ఒకేలా నొప్పి, వాపు ఉంటే రుమటాయిడ్ గురించి ఆలోచించాలి. గోటికి దగ్గరి కణుపును ఈ జబ్బు సాధారణంగా వదిలేస్తుంది. అక్కడ గట్టిగా బొడిపెలా ఉంటే అది చాలావరకు అరుగుదల. పాదాలనూ మర్చిపోకండి. లేచి మొదటి అడుగు వేసినప్పుడు కాలివేళ్ల మొదళ్ల కింద గులకరాళ్లు ఉన్నట్టు అనిపిస్తే అదీ రాయండి. చాలామంది దాన్ని చెప్పుల మీదకి నెట్టేస్తారు.

నొక్కి చూసే పద్ధతి ఒకటుంది. కరచాలనం చేసినట్టు ఎవరినైనా మీ చేతిని, వేళ్లు అరచేతిలో కలిసే వరస దగ్గర, రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కమనండి. మామూలు చేతికి ఏమీ అనిపించదు. మా ఆయన నొక్కినప్పుడు నేను పెట్టిన కేకకి పక్కింటి మామి తలుపు కొట్టింది. పాదాల ముందు భాగాన్నీ అలాగే నొక్కి చూడొచ్చు. ఇది అనుమానాన్ని పెంచే గుర్తు మాత్రమే, దాంతోనే జబ్బు తేలదు.

ఇక ఫొటోలు. నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. లేవగానే రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి ఒకటి, పిడికిలి బిగించి ఒకటి, కిటికీ వెలుతురులో తీయండి. పిడికిలి బిగిస్తే కణుపుల మధ్య పల్లాలు కనిపించాలి. వాపుంటే ఆ పల్లాలు పూడిపోతాయి. వేలితో తాకి చూస్తే ఆ వాపు మెత్తగా ఉంటుంది, ఎముకలా గట్టిగా ఉండదు. డాక్టర్లకు దీని విలువ ఎందుకంత అంటే, 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్లవాతం జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి పెట్టిన మార్కుల లెక్క ఒక్క కీలులోనైనా పరీక్షలో వాపు తేలితేనే మొదలవుతుంది. మొత్తం 10లో 6 వస్తే రుమటాయిడ్ కింద లెక్క. కీళ్ల సంఖ్యకు, అవి ఎంత చిన్నవన్నదానికి 5 దాకా, 6 వారాలు నిండితే 1, మిగతావి రక్తపరీక్షలకు. డాక్టరు స్వయంగా చేత్తో తాకి చూడాల్సిందే. కానీ ఫొటో చూస్తే ఏ కణుపు దగ్గర ఆగి చూడాలో ఆయనకు తెలుస్తుంది. వీలైతే పొద్దుటి ఓపీకే వెళ్లండి.

దీంతోపాటు మరో పేజీలో ఇవి రాసుకోండి: కారణం లేని నీరసం, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చేతి తిమ్మిర్లు, ఈమధ్య కాన్పు అయిందా, అమ్మానాన్నల్లో తోబుట్టువుల్లో ఎవరికైనా ఉందా, పొగతాగే అలవాటు. ఇటీవల జ్వరం వచ్చి ఉంటే దాని తేదీ కచ్చితంగా రాయాలి. 2006లో చికున్‌గున్యా దక్షిణాదిని ఎలా కుదిపేసిందో మనవాళ్లు మర్చిపోలేదు. ఆ జ్వరం తగ్గాక నెలల తరబడి ఉండే కీళ్లవాపు అచ్చం రుమటాయిడ్‌లాగే కనిపిస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? కీళ్లనగానే అందరం ఎముకల డాక్టరు దగ్గరికి పరిగెడతాం. విరిగినవాటికి, అరిగినవాటికి ఆయన సరైనవారే. వాపు, పొద్దుటి పట్టేత ఉంటే రుమటాలజిస్టును చూడాలి. చెన్నైలో ఉన్నవాళ్లకు, నెల్లూరు, తిరుపతి నుంచి రైల్లో వచ్చేవాళ్లకు కూడా, సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో, అదే మన జీహెచ్‌లో, రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. క్యూ పెద్దదే, తిండి కట్టుకుని వెళ్లండి. ఆలస్యం మాత్రం వద్దు. వాపు మొదలైన 6 వారాల్లో నిపుణుల కంట పడాలని, వాపు నిలిచిపోయే ప్రమాదం ఉంటే మొదలైన 3 నెలల్లోపే జబ్బును అదుపు చేసే అసలు మందు పడాలని యూరప్ సంఘం సూచన. తర్వాత పాడైన కీలు వెనక్కి రాదు కాబట్టే ఈ తొందర.

ల్యాబుల్లో ఆర్థరైటిస్ ప్యాకేజీలు అమ్ముతారు. డాక్టరు రాయకుండా మీ అంతట మీరు చేయించుకుని కంగారు పడకండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. పెద్ద వయసువాళ్లలో, వేరే జబ్బుల్లో కూడా వస్తుంది. ఈ జబ్బుకు ఎక్కువ ప్రత్యేకమైన యాంటీ సీసీపీ పరీక్ష పాజిటివ్ అయితే అనుమానం గట్టిపడుతుంది. రెండూ నెగెటివ్‌గా ఉండి జబ్బున్నవాళ్లూ తక్కువేం కాదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు ఒంట్లో వాపు ఎంతుందో చెబుతాయి. థైరాయిడ్, షుగర్ కూడా చూస్తారు, ఎందుకంటే అవీ చేతులను ఇబ్బంది పెడతాయి. ఎక్స్‌రే మొదట్లో శుభ్రంగా ఉండొచ్చు. అల్ట్రాసౌండ్‌లో లోపలి వాపు ముందే కనిపించే అవకాశం ఉంది.

నన్ను ఎక్కువ విసిగించింది ఇంజెక్షన్ల సంగతి. మా వీధి చివర ఒక క్లినిక్‌లో నడుముకి ఒకటి పొడిచారు. రెండు రోజులు గొట్టం గిర్రున తిరిగింది. ఏం మందని అడిగితే "నొప్పికమ్మా" అన్నారు, చీటీలో పేరు లేదు. అలాంటి ఇంజెక్షన్లో స్టెరాయిడ్ ఉంటే వాపు దిగుతుంది, సీఆర్‌పీ దిగుతుంది, అసలు డాక్టరుకు చూడటానికి ఏమీ మిగలదు. పేరు రాయని పొడులు, వాతం లేహ్యాలలో కూడా స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలున్నాయి. కాబట్టి వాడినవన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. కొంతకాలంగా స్టెరాయిడ్ వాడుతుంటే సొంతంగా ఉన్నట్టుండి మానేయకండి, అది ప్రమాదం. పిల్లల కోసం చూస్తున్నా, కడుపుతో ఉన్నా మందు రాసేలోపే చెప్పండి.

పులుపు మానేయమని చెప్పేవాళ్లు మీకూ దొరుకుతారు. పచ్చళ్లు అమ్ముకునేదానికి ఎదురుగా నిలబడి ఆ మాట అన్నవాళ్లున్నారు! చింతపండు వల్ల, వంకాయ వల్ల ఈ జబ్బు రాదు.

ఒకటి మాత్రం నోటు పుస్తకంతో ఆగే విషయం కాదు. ఒకే కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం కూడా ఉంటే లోపల చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే క్యాజువాల్టీకి వెళ్లాలి.

అంతా చూసి, "ఇప్పుడే ఏమీ చెప్పలేం, కొన్ని వారాలు ఆగుదాం" అని డాక్టరు అనొచ్చు. కొందరికి వాపు రెండ్రోజులు వచ్చి దానంతటది పోతుంది, మళ్లీ ఇంకో కీలులో లేస్తుంది. అప్పుడు తర్వాతి తేదీ దాకా ఆగకుండా వాపున్న రోజే వచ్చి చూపించవచ్చా అని అక్కడే అడిగేయండి. ఓపీ చీటీ మీద ఆ మాట రాయించుకుంటే, కౌంటరు దగ్గర వాదన తప్పుతుంది.