ఇన్‌సార్ సొంతంగా నేర్చుకుందాం – 5: నంది కొండ చుట్టూ ఉన్న గాలి

ఇన్‌సార్ అంటే ఉపగ్రహ రాడార్ వేర్వేరు తేదీల్లో తీసిన చిత్రాల్ని పోల్చి నేల కదలికని కొలిచే పద్ధతి. పోయిన పాఠంలో రెండు తేదీల సెంటినెల్-1 (యూరప్ రాడార్ ఉపగ్రహం) చిత్రాల్ని జతచేసి, ఫేజ్‌ని (తిరిగొచ్చిన తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) అన్‌ర్యాప్ చేసేదాకా, అంటే చుట్టు తిరిగి మళ్లీ సున్నాకొచ్చే ఆ కోణాన్ని తెగకుండా పేర్చేదాకా, వచ్చాం. బెంగళూరు, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వచ్చేలా కత్తిరించుకున్న ఆ ఇంటర్‌ఫెరోగ్రామ్‌నే (రెండు చిత్రాల ఫేజ్ తేడా బొమ్మ) మళ్లీ తెరవండి. నంది కొండ చుట్టూ రంగుల వలయం కనిపిస్తోందా? కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే కొండ కుంగిందనో లేచిందనో రిపోర్టు రాసేస్తారు. గట్టి రాతి కొండ పన్నెండు రోజుల్లో రెండు సెంటీమీటర్లు ఎందుకు కదులుతుంది? కదిలింది గాలి.

సెంటినెల్-1 తరంగదైర్ఘ్యం 5.55 సెం.మీ. తరంగం వెళ్లి తిరిగి రావాలి కాబట్టి ఒక ఫ్రింజ్ (ఒక పూర్తి రంగుల వలయం) అంటే రాడార్ చూసే దిశలో దాదాపు 2.8 సెం.మీ. మార్పు. గాలి ఆ తరంగాన్ని కొద్దిగా ఆలస్యం చేస్తుంది. సముద్రమట్టం దగ్గర పొడిగాలి ఒక్కటే నిలువు దారిలో సుమారు 2.3 మీటర్ల ఆలస్యం తెస్తుంది. భయపడకండి, అది పీడనాన్ని బట్టి ఉంటుంది, రెండు తేదీల మధ్య పెద్దగా మారదు కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది. తేమ వాటా చిన్నదే, కానీ నిలకడ లేనిది. తలనొప్పంతా దానితోనే.

వారాంతాల్లో తెల్లారకముందే బైకులేసుకుని మనవాళ్లు మేఘాలు చూడ్డానికి వెళ్లేది ఈ కొండకే. పైన నిలబడితే తెల్లటి పొర కాళ్ల కింద ఉంటుంది. సెంటినెల్ ఉదయం పాస్ (ఉపగ్రహం మన మీదుగా వెళ్లే సమయం) కూడా ఆరు ప్రాంతంలోనే. కొండ కొన 1,478 మీటర్లు, దేవనహళ్లి విమానాశ్రయం 915. మైదానాన్ని తాకే తరంగం కొండను తాకే దానికంటే 563 మీటర్ల తేమ గాలిని అదనంగా దాటాలి.

లెక్క వేద్దాం. రెండో తేదీన నిలువు ఆలస్యం మైదానంలో 60 మి.మీ., కొండ మీద 40 మి.మీ. పెరిగిందనుకోండి. తేడా 20. రాడార్ నిలువు నుంచి 39 డిగ్రీల వాలులో చూస్తే దాన్ని కొసైన్ 39తో భాగించాలి: 25.7 మి.మీ. ఫేజ్‌లోకి మార్చడానికి 4π/55.5తో గుణిస్తే 5.8 రేడియన్లు. ఫ్రింజ్‌కి 6.28 కదా. నేల ఇసుమంత కదలకుండానే దాదాపు ఒక వలయం వచ్చేసింది!

ఇలా ఎత్తుతో పాటు మారే భాగాన్ని తీసేయడం తేలిక. ఎత్తుని అడ్డం, ఫేజ్‌ని నిలువు పెట్టి పిక్సెళ్లన్నీ గ్రాఫ్ మీద వేయండి, సరళరేఖ గీయండి, ఆ రేఖని ఫేజ్‌లోంచి తీసేయండి. పై ఉదాహరణలో వాలు 100 మీటర్లకు ఒక రేడియన్ చుట్టుపక్కల వస్తుంది. నేల కదులుతోందని అనుమానమున్న చోటుని మాత్రం రేఖ గీసేటప్పుడు పక్కన పెట్టండి, లేకపోతే అసలు సంకేతం కూడా దీంతోపాటే పోతుంది. పెద్ద ఫ్రేమ్ మొత్తానికి ఒకే రేఖ వాడొద్దు. చిత్తూరు వైపు దిగేసరికి గాలి తీరే వేరు.

ఈ పద్ధతి బెంగళూరు నగరం లోపల పెద్దగా పనికిరాదు. మారతహళ్లికీ వైట్‌ఫీల్డ్‌కీ మధ్య ఎత్తు తేడా ఎంతని? అక్కడ వాతావరణ నమూనా కావాలి. ఈఆర్‌ఏ5 (యూరప్ వాతావరణ కేంద్రం గత వాతావరణాన్ని తిరిగి లెక్కకట్టిన డేటా) గంటగంటకీ పీడనం, ఉష్ణోగ్రత, తేమ ఇస్తుంది. వాటి నుంచి ఆలస్యం లెక్కకట్టే పని పైఏపీఎస్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది, మింట్‌పై అనే ఇన్‌సార్ సాఫ్ట్‌వేర్ దాన్ని పిలుచుకుంటుంది. టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఇవ్వాలి: మన 6:15 అంటే అక్కడ 00:45. దీని గడి 0.25 డిగ్రీలు, అంటే 27 కిలోమీటర్ల పైమాటే. నగరం మొత్తం రెండు మూడు గడుల్లో ఇమిడిపోతుంది. ఏప్రిల్ సాయంత్రం ఒక పేటలో కురిసి పక్క పేటలో కురవని మామిడి జల్లు దానికెలా తెలుస్తుంది? అందుకే నేర్చుకునే రోజుల్లో డిసెంబర్-ఫిబ్రవరి ఉదయం పాస్‌లు తీసుకోమంటాను. సాయంత్రం పాస్‌లు దొరికినా ఎండాకాలంవి తర్వాత చూసుకోవచ్చు.

బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ఆవరణలో అంతర్జాతీయ జీఎన్‌ఎస్‌ఎస్ నెట్‌వర్క్ స్టేషన్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ సంకేతాల్లో గాలి తెచ్చే ఆలస్యాన్నీ కొలిచేది) ఉంది, పేరు కూడా ఐఐఎస్‌సీనే. దాని నిలువు ఆలస్యాల్ని ఈఆర్‌ఏ5తో తేదీల వారీగా పోల్చి చూడండి, నమూనా ఏ రోజు తప్పిందో తెలుస్తుంది. అంతవరకే. ఇంటర్‌ఫెరోగ్రామ్‌లో ఉండేది రెండు చోట్ల మధ్య తేడా కాబట్టి ఒక్క స్టేషన్‌తో దాన్ని సరిదిద్దలేం.

దిద్దిన తర్వాత నంది చుట్టూ వలయం తగ్గాలి. ఒకటి ఉన్నచోట రెండైతే టెన్షన్ వద్దు, ప్లస్-మైనస్ గుర్తు తిరగబడింది, మార్చి మళ్లీ నడపండి. గుర్తు సరిగ్గానే ఉండి కూడా ఫేజ్ ప్రామాణిక విచలనం (చెదురు ఎంతో చెప్పే అంకె) పెరిగితే ఆ జతకి నమూనా నప్పలేదని అర్థం. అలాంటి జతని బలవంతంగా దిద్దకుండా పక్కన పెట్టడమే నాకు నచ్చిన పద్ధతి.

ఈ వారం పని: ఒక చలికాలపు జత, ఒక మే నెల జత తీసుకోండి. రెండింటికీ ఎత్తు-ఫేజ్ గ్రాఫ్ గీసి, ఈఆర్‌ఏ5 దిద్దుబాటుకి ముందూ తర్వాతా వాలు ఎంతో రాసుకోండి. మే జతలో రేఖకి దూరంగా చెదిరిపోయిన పిక్సెళ్లు ఎక్కడెక్కడివో మ్యాప్ మీద గుర్తుపెట్టి ఉంచండి. ఆరో పాఠంలో ముప్పై నలభై తేదీల్ని కలిపి అణచబోయేది ఆ చెదురునే.